పక్క తీగ పలక్కూడదు



ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకునే పిల్లలు చాలామంది నన్ను ఒకే ప్రశ్న అడుగుతుంటారు. “సార్, యాంప్ లేకుండా వాయించుకుంటే బాగానే ఉంటోంది. యాంప్‌కి కలిపి డిస్టార్షన్ వెయ్యగానే, బెండ్ చేసిన ప్రతిసారీ పక్కనుంచి ఏదో రొద వస్తోంది. పెడల్ మార్చమంటారా, పికప్ మార్చమంటారా?” అని. సాధారణంగా ఏదీ మార్చక్కర్లేదు. ఆ రొద పుట్టేది చేతుల దగ్గర, దాన్ని అణచాల్సిందీ చేతులే. సామాన్ల కొట్టుకి వెళ్ళేముందు ఈ సంగతి తెలిస్తే డబ్బూ మిగులుతుంది, వాయింపూ బాగుపడుతుంది. ఈ పూట దాని గురించే మాట్లాడతాను. గిటార్ పక్కనే పెట్టుకున్నాను, అవసరమైన చోట వినిపిస్తాను.

గిటార్‌తో పరిచయం లేనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. దానికి ఆరు తీగలు. అన్నిటికంటే సన్ననిది ఒకటో తీగ, పట్టుకున్నప్పుడు నేల వైపు ఉంటుంది. అన్నిటికంటే లావుది ఆరోది, వాయించేవాళ్ళ మొహం వైపు ఉంటుంది. ఎడమచేతి వేలితో ఒక ఫ్రెట్, అంటే మెట్టు, దగ్గర నొక్కి, కుడిచేతిలో పిక్‌తో మీటితే స్వరం పలుకుతుంది. నొక్కిన వేలు తియ్యకుండా తీగను పక్కకి నెడితే బిగువు పెరిగి, స్వరం పైకి జారుతుంది. అదే బెండ్. మనవాళ్ళకి ఇది వింత కాదు. వీణ మెట్టు మీద తీగను పక్కకి లాగి గమకం పలికించడం వింటూ పెరిగిన చెవులు మనవి. మాండలిన్‌కి మామూలుగా జంట తీగలుంటాయి. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఆ జంటలు తీసేసి, ఎలక్ట్రిక్ మాండలిన్ మీద ఒంటి తీగలు కట్టుకున్నది గమకానికి వీలుగా ఉండాలనే. గమకం వినడం తెలిసిన మనిషికి ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే ఆ దారి ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. ఆ దారిలో పక్క తీగ గొంతు కలిపితే మనసు చివుక్కుమంటుంది.

ఒక్క బెండ్‌నే తీసుకుని దగ్గర్నుంచి చూద్దాం. రెండో తీగ, పదో ఫ్రెట్, ఉంగరపు వేలు. అక్కడ పలికేది ఎ స్వరం, సెకనుకు 440 కంపనాలు. దాన్ని ఫుల్ బెండ్ చేస్తే, అంటే రెండు ఫ్రెట్ల ఎత్తుకి నెడితే, బి స్వరం, 494 కంపనాలు. సరిగ్గా ఎక్కిందో లేదో తెలియాలంటే అదే తీగ మీద పన్నెండో ఫ్రెట్ మీటి పోల్చుకోవచ్చు. కంపనాల సంఖ్య బిగువుతో నేరుగా పెరగదు, బిగువు వర్గమూలంతో పెరుగుతుంది. అందుకని ఆ 54 కంపనాల కోసం తీగ బిగువు నాలుగో వంతుకు పైగా పెరగాలి. అంత బిగువు రావాలంటే తీగ గట్టిగానే పక్కకి జరగాలి. జరిగే దారిలో మూడో తీగ ఉంది. గొడవ అక్కడ మొదలవుతుంది.

(గిటార్: శుభ్రమైన బెండ్ ఒకటి, వెంటనే పక్క తీగ మోగే బెండ్ ఒకటి.)

రెండోసారి దిగేటప్పుడు ‘టంగ్’మని ఒకటి వినిపించింది కదా. ఏం జరిగిందంటే, ఉంగరపు వేలి కొస నిక్కి ఉండటంతో అది మూడో తీగ కిందికి దూరింది. మూడో తీగ వేలి మీదికెక్కి గోటి దగ్గర కూర్చుంది. వేలు కిందికి వచ్చేటప్పుడు తీగ గోటి మీంచి జారి విడిపోయింది. పిక్‌తో మీటినా అంతే జరుగుతుంది, కాబట్టి అది మీటినంత బలంగానే మోగింది. అదే వేలిని కొద్దిగా వాల్చి, కొస కండతో రెండు తీగలనీ కలిపి నెడితే, మూడోది గోటి మీదికి ఎక్కే అవకాశం ఉండదు. రెండోదాని వెంట వెళ్తుంది, రెండోదాని వెంట వస్తుంది. గోళ్ళు పెంచుకున్న వేళ్ళతో ఇది కుదరదు. ఎడమచేతి గోళ్ళు పూర్తిగా కత్తిరించుకోవాల్సిందే.

నేను గమనించినంతలో బెండ్ రొదలో ఎక్కువ భాగం ఎక్కేటప్పుడు రాదు, దిగేటప్పుడు వస్తుంది. సాధన చేసేవాళ్ళు మాత్రం ఎక్కడాన్నే సాధన చేస్తారు. స్వరం అందిందా లేదా అన్న ఆదుర్దాలో చెవి అంతా పైనే ఉంటుంది. అందగానే పని అయిపోయిందనుకుని వేలు వదిలేస్తారు. అలా వదిలేసిన వేలు ఎన్ని తీగల్ని గీరుకుంటూ వస్తుందో వాళ్ళకి పట్టదు.

ఎవరూ ముట్టుకోకుండానే మోగే తీగలు కూడా ఉన్నాయి. ఇందాకటి లెక్కే చూడండి. అయిదో తీగ ఖాళీగా వదిలితే 110 కంపనాలు. దాని నాలుగో అనుస్వరం, నాలుగు రెట్ల కంపనం, సరిగ్గా 440, అంటే మన బెండ్ మొదలయ్యే స్వరం. ఆరో తీగ ఖాళీగా 82.4. దాని ఆరో అనుస్వరం 494కి వెంట్రుకవాసి పైన, అంటే మన బెండ్ చేరే స్వరం. బయల్దేరేటప్పుడు అయిదో తీగ, చేరుకున్నాక ఆరో తీగ, తమంతట తాము అనునాదంతో కదులుతాయి. ఆ కదలిక బ్రిడ్జి గుండా, కలప గుండా వెళ్తుంది. యాంప్ గట్టిగా ఉంటే స్పీకర్ నుంచి వచ్చే శబ్దమే తీగల్ని కదుపుతుంది. సితార్‌లో తరఫ్ తీగలు కట్టింది ఈ అనునాదం కావాలనే, అక్కడ అది అందం. డిస్టార్షన్ వేసిన గిటార్‌లో మాత్రం అడుగున బురద కదిలినట్టు ఉంటుంది.

మరి యాంప్ లేకుండా వాయిస్తే బాగానే ఉందన్న పిల్లవాడి మాట అబద్ధమా? కాదు. రొద అప్పుడూ ఉంది, వినపడలేదంతే. డిస్టార్షన్ అంటే సిగ్నల్‌ను మొయ్యలేనంత పెంచి, శిఖరాలను కోసెయ్యడం. పెద్ద శబ్దం ఒక హద్దు దాటాక ఇంక పెరగదు. చిన్న శబ్దం పెరుగుతూనే ఉంటుంది. మీటిన స్వరం కాస్త సన్నగిల్లగానే, దాని వెనక ఉన్న చిన్న చప్పుడు దాదాపు దాని ఎత్తుకే వచ్చేస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. రెండు స్వరాలు కలిసి డిస్టార్షన్‌లోకి వెళ్తే అవి రెండే బయటికి రావు, వాటి మొత్తం, వాటి తేడా కూడా పుడతాయి. బెండ్ చేసిన 494తో పాటు ఖాళీ మూడో తీగ 196 కలిసిందనుకోండి, 690, 298 కూడా పలుకుతాయి. ఆ రెండూ మీరు నొక్కని స్వరాలు, పాటలో లేని స్వరాలు. అందుకే పక్క తీగ కొంచెం తగిలినా శబ్దం అంత గరుగ్గా ఉంటుంది.

తప్పు ఏ తీగలో ఉందో పట్టుకోవడానికి ఒక సులువైన పరీక్ష చెబుతాను. గెయిన్, అంటే డిస్టార్షన్ మోతాదు, బాగా పెంచండి. బెండ్ చేసి పైన నిలపండి. ఇప్పుడు పిక్ అంచును ఆ ఒక్క తీగకే ఆనించి దాన్ని ఆపేయండి. ఎడమచేతిని కదపొద్దు. ఆ తర్వాత ఇంకా ఏదైనా వినిపిస్తోందంటే, ఇంతసేపూ మీ స్వరం కింద దాక్కున్నది అదే. లావుగా ‘గుం’మంటుంటే అయిదో ఆరో తీగ, సన్నగా కీచుమంటుంటే ఒకటో తీగ. తీగలను ఒక్కొక్కటిగా ముట్టుకుంటూ పోతే దొరికిపోతుంది.

(గిటార్: బెండ్ పైన తీగను ఆపడం, అయిదో తీగ మిగిలి మోగడం, దాన్నీ ఆపడం.)

ఇక చేతుల పని. మన బెండ్‌లో ఉంగరపు వేలు పదో ఫ్రెట్ మీద ఉంది. మధ్యవేలు దానికి సాయంగా అదే తీగ మీద తొమ్మిదో ఫ్రెట్ దగ్గర. చూపుడువేలు ఎనిమిదో ఫ్రెట్ దగ్గర. చాలామంది ఈ చూపుడువేలిని గాలిలో ఉంచుతారు. నా దృష్టిలో శుభ్రమైన బెండ్‌కి అన్నిటికంటే ముఖ్యమైన వేలు అదే. దాని కొసను రెండో తీగ దాటించి మూడో తీగకి ఆనించండి. నొక్కొద్దు, ఆనించడమే. నొక్కితే అక్కడ ఇంకో స్వరం పుడుతుంది. అదే వేలి అడుగు భాగం వాలుగా ఒకటో తీగ మీద పడుకుని ఉండాలి. దాంతో ఒక్క వేలు రెండు పక్కలా రెండు తీగల్ని ఆపుతోంది. బెండ్ ఎక్కుతున్నప్పుడు మూడు వేళ్ళూ కలిసే కదులుతాయి, మూడో తీగ చూపుడువేలి కొసను వదలదు. దిగేటప్పుడూ అంతే.

వేళ్ళకి వేళ్ళే బలంతో నెడితే ఇదేదీ కుదరదు. వేళ్ళు వణుకుతాయి, ఆనించిన చోటు తప్పిపోతుంది. బెండ్ మణికట్టులోంచి రావాలి. చూపుడువేలి మొదలు గిటార్ మెడ అంచుకి ఆని ఉండగా, తాళంచెవి తిప్పినట్టు ముంజేయి తిరగాలి. వేళ్ళు వంగిన తీరు మారకూడదు. అప్పుడు బొటనవేలు దానంతటదే మెడ పైనుంచి ఇవతలికి వచ్చి ఆరో తీగకి తగులుతుంది. బొటనవేలు మెడ వెనకే ఉండాలని క్లాసికల్ గిటార్‌లో నేర్పుతారు, అక్కడ అది సరైనదే. ఎలక్ట్రిక్ గిటార్ బెండ్‌కి మాత్రం బొటనవేలు పైకి రావడమే మేలు. బలం పట్టు దొరుకుతుంది, ఆరో తీగ నోరు మూసుకుంటుంది.

కుడిచేతి సంగతి తేలిక. చిటికెనవేలి వైపు అరచేతి అంచును బ్రిడ్జి దగ్గర ఆరు, అయిదు, నాలుగు తీగల మీద మెత్తగా ఆన్చి ఉంచాలి. రెండో తీగకి మాత్రం తగలకూడదు. ఏ తీగ మీదికి వెళ్తే దానికి పైనున్న తీగల మీదికి అరచెయ్యి కూడా జరుగుతూ ఉండాలి. కొంతమందికి అరచేతి అంచు కంటే పిక్ పట్టిన బొటనవేలి పక్క భాగం ఆనించడం హాయిగా ఉంటుంది. ఏదైనా ఫర్వాలేదు. చెయ్యి గాలిలో మాత్రం ఉండకూడదు.

దిగడం గురించి మళ్ళీ చెప్పాలి. మెట్రోనోమ్ 60 మీద పెట్టండి. మీటి, నాలుగు దెబ్బల్లో ఎక్కండి, నాలుగు దెబ్బలు నిలవండి, నాలుగు దెబ్బల్లో దిగండి. దిగాక వేలిని ఒక్కసారిగా ఎత్తెయ్యొద్దు. ముందు ఒత్తిడి తీసెయ్యండి, తీగ ఫ్రెట్ నుంచి విడిపోతుంది, వేలు ఇంకా తీగకి ఆని ఉంటుంది, శబ్దం ఆగిపోతుంది. ఆ తర్వాతే వేలు తియ్యండి. ఒత్తిడీ వేలూ ఒకేసారి తీస్తే తీగ వేలికి అంటుకుని వచ్చి, ఖాళీ తీగ మోగుతుంది. పాటలో దిగడం వినపడక్కర్లేని చోట ఇంకో దారి ఉంది. పైన స్వరం నిలిచి ఉండగానే కుడిచేత్తో ఆ తీగను ఆపేసి, నిశ్శబ్దంలో వేలిని వెనక్కి తెచ్చుకోవడం. రికార్డింగుల్లో పెద్ద వాద్యకారుల బెండ్‌లు జాగ్రత్తగా వింటే, ఎన్ని చోట్ల స్వరం పైనే ఆగిపోతుందో తెలుస్తుంది.

మూడో తీగ మీద బెండ్ చేసేటప్పుడు పక్కన వచ్చేది నాలుగో తీగ. దానికి లోహపు చుట్టు ఉంటుంది, వేలు రాసుకుంటే గరగరమంటుంది. అక్కడ చూపుడువేలి కొస ఇంకొంచెం ముందుకి సాగాలి, అంతకుమించి తేడా లేదు. మూడో తీగకి ఇప్పుడు ఆ చుట్టు ఉండదు. అది అలా సన్నబడటం వెనక చిన్న చరిత్ర ఉంది. ఒకప్పుడు మామూలు సెట్లలో మూడో తీగకి కూడా చుట్టు ఉండేది, బెండ్‌కి లొంగేది కాదు. కొందరు వాద్యకారులు బాంజో తీగలు తెచ్చి వేసుకునేవారు. 1962లో ఎర్నీ బాల్ అనే ఆయన స్లింకీ పేరుతో సన్న తీగల సెట్లు అమ్మకానికి పెట్టారు. తీగ సన్నబడ్డాక బెండ్ సులువైంది, అంతే సులువుగా వేలు పక్క తీగ మీదికి దూసుకెళ్ళడమూ ఎక్కువైంది. గిటారిస్ట్ స్టీవీ రే వాన్ లావు తీగలు వేసి, శ్రుతి అర స్వరం దించి వాయించేవారు. ఆ బరువు మోసే చేతులు అందరికీ ఉండవు. ఒకటో తీగ మందాన్ని బట్టి పిలిచే 9 సెట్టో 10 సెట్టో చాలు.

అన్ని చప్పుళ్ళకీ చేతులే కారణమని కూడా అనను. బెండ్ చేస్తుంటే మెడ చివర నట్ దగ్గర ‘టిక్’మని వినిపించి, దిగాక శ్రుతి తప్పితే, నట్ గాడిలో తీగ పట్టేస్తోందన్నమాట. తీగ వదులు చేసి గాడిలో పెన్సిల్ ములుకు రుద్దితే చాలాసార్లు పోతుంది. పాత ఫెండర్ గిటార్లలో మెడ పైభాగం బాగా గుండ్రంగా, 7.25 అంగుళాల వ్యాసార్ధంతో ఉంటుంది. పై ఫ్రెట్ల దగ్గర పెద్ద బెండ్ చేస్తే తీగ ముందున్న ఫ్రెట్‌కి తగిలి గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. తీగల ఎత్తు కొంచెం పెంచాలి. స్ట్రాటోకాస్టర్ వెనక ఉండే స్ప్రింగులు కూడా మోగుతాయి, వాటి వెనక చిన్న స్పాంజి ముక్క పెడితే అణుగుతాయి.

కరెంటు హమ్ వేరే సంగతి. మన దేశంలో అది 50 కంపనాల కరెంటు వెంట వస్తుంది. దాన్ని తగ్గించడానికే గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో హంబకర్ పికప్ రూపొందించారు. దానికీ బెండ్ రొదకీ సంబంధం లేదు. నాయిస్ గేట్ కొంటామనే వాళ్ళకి చెప్పేది కూడా ఇదే. గేట్ మీరు వాయించని క్షణాల్లో మూసుకుంటుంది. బెండ్ స్వరం మోగుతున్నంతసేపూ తెరిచే ఉంటుంది, పక్క తీగ రొద ఆ తెరిచిన తలుపులోంచే బయటికొస్తుంది. నట్ దగ్గర తీగల చుట్టూ మెత్తటి పట్టీ కట్టడం మాత్రం రికార్డింగులో పనికొస్తుంది, ఖాళీ తీగలను బాగా అణుస్తుంది. కానీ బెండ్ చేసే వేలి కింద నలిగిన మూడో తీగను అది ఆపలేదు. ఆ తీగలో మోగే భాగం వేలికీ బ్రిడ్జికీ మధ్య ఉంది, పట్టీ ఉన్నది వేలికి అవతల.

పెద్ద గిటారిస్టులు ఒక్కొక్కరు ఒక్కో దారి చూసుకున్నారు. బి.బి. కింగ్ తన బంధువు బుక్కా వైట్ స్లైడ్‌తో పలికించే నాదాన్ని వట్టి వేళ్ళతో తెచ్చుకోవాలని ప్రయత్నించి తన వైబ్రేటో తయారుచేసుకున్నారు. ఆయన గిటార్ లోపల బోలుగా ఉండే రకం. గట్టి యాంప్ ముందు ఊళ పెట్టకుండా దాని రంధ్రాల్లో గుడ్డలు కుక్కేవారు. 1980లో గిబ్సన్ ఆయన కోసం చేసిన లూసిల్ మోడల్‌కి అసలు రంధ్రాలే పెట్టలేదు. ఆల్బర్ట్ కింగ్‌ది ఎడమచేతి వాటం. కుడిచేతి వాళ్ళకి తీగలు కట్టిన గిటార్‌ను తిరగేసి పట్టుకుని, సన్న తీగలను నేల వైపు లాగేవారు, బొటనవేలితో మీటేవారు. జెఫ్ బెక్ పిక్ వదిలేసి వేళ్ళతో వాయించడానికి అలవాటు పడ్డారు. పిక్ పట్టుకునే పని లేకపోతే కుడిచేతి వేళ్ళన్నీ తీగలకు ఆనుకుని ఉండగలవు. ఆయన స్వరాలు అంత విడివిడిగా, అంత తేటగా ఉండటంలో ఆ చేతికీ పాత్ర ఉందని నా నమ్మకం.

ఈ ఆనించడం అలవాటయ్యాక దాన్ని వినిపించడానికి కూడా వాడుకోవచ్చు. బ్లూస్ వాళ్ళు బెండ్‌కి ముందు పిక్‌ను అయిదో తీగ నుంచి రెండో తీగ దాకా గీస్తారు. దారిలోని అయిదు, నాలుగు, మూడు తీగలూ చేతుల కింద అణిగి ఉండటంతో స్వరం రాదు, ‘చర్ర్’మని ఒక ఊపు మాత్రం వస్తుంది. దాని కొసన బెండ్ స్వరం విచ్చుకుంటుంది.

(గిటార్: అణచిన తీగల మీద గీత, వెంటనే బెండ్.)

ఇది బాగా పట్టుబడ్డాక రెండు తీగల బెండ్‌కి వెళ్ళండి. ఒకటో తీగ ఎనిమిదో ఫ్రెట్‌ను చూపుడువేలితో నొక్కి ఉంచి, రెండో తీగ పదో ఫ్రెట్‌ను ఉంగరపు వేలితో బెండ్ చెయ్యాలి. రెండూ కలిసి మోగాలి. ఇందాక ఒకటో తీగను ఆపిన చూపుడువేలే ఇప్పుడు దాన్ని పలికిస్తోంది కాబట్టి, మూడో తీగను ఆపే పని మధ్యవేలికి వస్తుంది. తొమ్మిదో ఫ్రెట్ దగ్గర రెండో తీగను నెడుతూనే, దాని కొస మూడో తీగకి ఆని ఉండాలి. మొదట్లో ఉంగరపు వేలు పైకి వెళ్తుంటే చూపుడువేలు కూడా దాని వెంట లాక్కుపోయి ఒకటో తీగ శ్రుతి చెడుతుంది. డిస్టార్షన్ తీసేసి, మెల్లగా, ఒకటో తీగ స్వరం కదలకుండా ఉందా అని మాత్రమే వింటూ చెయ్యండి. అది నిలబడ్డాక గెయిన్ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ రండి.